తెల్లమాత్ర, పలమనేరు బస్సు

చిత్తూరు డిపోలో
మామిడిపండ్ల పెట్టెలు తూచే పార్శిల్ కాటా మీద
పొద్దున్నే అయిదుకు ఎక్కి నిలబడతాను.
అరవై ఏడున్నర.
చినిగిన టికెట్టు వెనక రాసి సంచిలో వేస్తాను.
"ఏం మేడం, నిన్ను నువ్వే యాడికి బుక్ చేసుకుంటా ఉండావు?"
అంటాడు కార్గో నాగభూషణం.
చెప్పను.
ఈ బరువులో నేనెంత, నీళ్ళెంత
అని చూసుకునే లెక్క ఇదని.

ముందు చెప్పులే చెప్పినాయి నాకు.
కార్తీకంలో కొన్న జత
శివరాత్రికి కాలికి పట్టలేదు.
పట్టీ విప్పితే గాడి,
వేలితో నొక్కితే గుంట,
నీవా ఏటి తడి ఇసకలో అడుగేసినట్టు
నిదానంగా పూడే గుంట.

పెద్దాస్పత్రిలో సిస్టర్ ఫిలోమిన
చీటీ వెనక రెండు చిక్కుడుగింజలు గీసింది.
"ఇవి కిడ్నీలు. నెత్తురు వడగట్టి,
ఉప్పును మళ్ళీ లోపలికి లాక్కోవడం వీటి అలవాటు.
ఈ తెల్లమాత్ర పొయ్యి ఆ వాకిట్లో అడ్డం నిలబడతాది.
ఉప్పుకు ఇంక బయటికే దారి.
ఉప్పు యాడికి పోతే నీళ్ళూ ఆడికే,
తల్లిమేక వెనకాల పిల్ల పోయినట్టు."

నాకర్థమైంది.
మాత్రకే అర్థం కాలేదు,
చిత్తూరుకూ పలమనేరుకూ నడుమ
ఆడది దిగే చోటు లేదని.

వేసుకున్న గంటకంతా తొందర.
బంగారుపాళెం ఇంకా రాలేదు.
డెబ్బై మంది నడుమ
విజిలు పండ్లతో కరుచుకుని
చిల్లర లెక్క తప్పిన రోజులు.
మొగోళ్ళకైతే దొరస్వామన్న మొగిలి ఘాట్లో బ్రేకేస్తాడు,
ఏ బండ చాటైనా చాలు వాళ్ళకు.
డ్యూటీ రోజు మాత్ర మానేసినాను.
సెలవునాడు రెండేసినాను,
బాకీ కట్టినట్టు.

ఒళ్ళు బాకీల పుస్తకం కాదు.
సెలవునాడు గడపలో కళ్ళు తిరిగి పడితే
మోచెయ్యి చీరుకుపోయింది.
ఆ వారమే ఘాటెక్కేటప్పుడు
బస్సుతోపాటు నేనూ మొదటి గేరులో రొప్పినాను.
రాత్రి పడుకుంటే ఊపిరాడక
తెల్లవార్లూ గోడకానుకుని కూర్చున్నాను.

"దాచినావు గానీ, అడిగుంటే పోయేది కదమ్మా"
అనింది సిస్టర్, అంతే.
డాక్టరమ్మ నా డ్యూటీ చార్టు చూసి
మాత్రను ఒంటిగంటకు జరిపింది,
బస్సు దిగినాక, ఇంటికాడ.
పొద్దుగూకినాక వద్దు, నిద్ర పాడు.
మరిచిపోతే మర్నాడు రెండెయ్యొద్దు.
నీళ్ళెన్ని తాగాలో గ్లాసుల లెక్క రాసిచ్చింది.
వాంతులు, బేదులు పట్టుకుంటే ముందు ఫోన్ చెయ్యి.
మోకాళ్ళ నొప్పికని షాపులో అడిగి
ఏ మాత్రంటే ఆ మాత్ర మింగొద్దు, కిడ్నీకి చేటు.
లేచేటప్పుడు మంచం అంచున రవ్వంతసేపు కూర్చో.
పిక్కలు పట్టేస్తే చెప్పు,
ఉప్పుతోపాటు పొటాషియమూ దిగిపోతాది
టికెట్టు లేకుండా.
అరటిపండు తినాలా వద్దా అనేది
నెత్తురు పరీక్ష చెప్పాల, పక్కింటామె కాదు.
రెండు మూడు దినాల్లో రెండు కిలోలు పెరిగితే
ఆదివారమని చూడకుండా రా.

ఆవకాయ జాడీ మా చెల్లెలికిచ్చేసినాను.
నిజం చెప్పొద్దూ, మాత్రకన్నా అదే చేదు.

పలమనేరు బస్టాండులో
ఆడోళ్ళ మరుగుదొడ్డికి తాళం.
తాళంచెవి ఎవరి కాడుందో ఎవరికీ తెలీదు.
అర్జీ రాసినాను.
ప్రయాణికుల సౌకర్యార్థం అని మొదలుపెట్టి
కొట్టేసి మళ్ళీ రాసినాను:
"నాకు గుండెజబ్బు. నీళ్ళమాత్ర వేసుకుంటాను.
ఒంటేలుకు పోవాల."
కంట్రోలరు చదివి తల దించుకున్నాడు.
నేను దించుకోలేదు.

ఇప్పుడా తాళంచెవి నా సంచిలో
చిల్లర నడుమ గలగలమంటాది.
బస్సు ఆగీ ఆగకముందే
ఒక కాలేజీ పిల్ల ఫుట్‌బోర్డు కాడికొస్తాది.
ఏమీ అడగదు.
చెయ్యి మాత్రం చాపుతాది.