పసుపు కొమ్మూ తునికాకూ

మెట్‌పల్లి బస్సులో వచ్చింది పసుపు కొమ్ము,
మేనత్త ఓదెవ్వ కొంగుముడి వాసనతో.
హన్మకొండలో, మా ల్యాబులో
దంచి, జల్లించి,
స్పిరిటులో రాత్రంతా మరిగించాను.
తెల్లారేసరికి గాజుగొట్టం మెడలోంచి
బొట్టు బొట్టుగా నారింజ రంగు.

ఇదే పని వాళ్ళూళ్ళో కడాయిలో చేస్తారు.
ఉడికిన కొమ్మును పుల్లతో గుచ్చి
"అయింది" అంటారు.
నాకు ఆ మాట అనే ధైర్యం లేదు.
నాది మూడుసార్లు తూచే ఉద్యోగం.

గిన్నెలో క్యాన్సర్ కణాలు.
ఎప్పుడో పోయిన ఎవరివో,
పేరు లేదు, నంబరుంది.
చావడం మరిచిపోయాయి.
పసుపు చుక్క తగిలిన మూడోనాడు
పెనం మీది ఉల్లిపొరలా
అంచులు ముడుచుకున్నాయి.
సూక్ష్మదర్శినికి కన్ను ఆనించి
ఒక్కణ్ణే నవ్వాను.

ఫోను చేస్తే అటువైపు కత్తెర చప్పుడు.
ముప్పై ఏళ్ళుగా రోజుకు వెయ్యి బీడీలు.
ఒళ్ళో చాట, చాటలో తంబాకు,
గోళ్ళ సందున నిరుటి పసుపు.

"నీ పసుపు గెలిచిందత్తా!"
"యాడ?"
"గిన్నెలో."
"గిన్నెల గెలుసుడేందిరా,
కడుపుల గెలువాలె గని."

మా మేడమూ అదే అంటుంది, కొంచెం ఖరీదైన మాటల్లో.
తిన్నదాంట్లో నెత్తురు దాకా చేరేది
చిటికెడులో చిటికెడు.
మిరియం తోడైతే ఇంకాసేపు నిలుస్తుందట.
రోగాన్ని ఆపుతుందా?
ఇంకా చూడాలి.
ఆ 'ఇంకా' మీదే నా జీతం.

"మరి తంబాకో?" అంది.
దాని సంగతి ఇంకా చూడాల్సిన పని లేదు.
అదీ ఆకే.
దాన్ని చుట్టుకునే తునికాకూ ఆకే,
అడవి ఎవరికీ చీటీ రాసివ్వలేదు
ఏది సాకుతుందో, ఏది కాటేస్తుందో.
నేను మాట వెతుక్కుంటుంటే
ఆమె దగ్గింది.
చాలాసేపు.

"మంగళవారం మొదటి బస్సెక్కు అత్తా,
ఎమ్జీఎంల ఫోటో తీస్తరు."
"రోజు పసుపు పాలు తాగుతున్న గదరా."
"తాగు. తాగి బస్సెక్కు."
"మందని తాగిననా? రుచికి తాగిన."

వచ్చింది.
లైన్లో రెండు గంటలు నిలబడి,
ఎక్స్‌రే కవరు నా చేతికిచ్చి
చాయ్ తాగడానికి పోయింది.
కవరు మీద బొటనవేలి మరక,
ఒక అంచు పసుపు, ఒక అంచు గోధుమ.
ఎంతసేపు చూశానో.
ఏది ఎంతో
తూచలేకపోయాను.
కవరు ఇంకా తెరవలేదు.