మూడో నంబర్ తూకం

తెల్లవారుజామున నాలుగూ పది.
తెల్లవారడమన్నది ఇక్కడ మాటవరసకే.
వార్డో దీవిలో సూర్యుడు
నవంబర్‌లో వెళ్ళాడు, జనవరి దాకా రాడు.

రేవు నుంచి రాగ్న్‌వాల్డ్ ఫోను:
"నాలుగు పడవలొచ్చాయి, కడుపు నిండా కాడ్ చేప.
వేలం చీటీ ఒక్కటీ బయటికి రావడం లేదు.
తెర మీద ఒకటే మాట, చోటు లేదని."

చోటు లేదా!
నిన్ననే తొంగి చూశాను,
నేల కనిపించేంత ఖాళీ.
స్వెటర్ మీద స్వెటర్ తగిలించుకుని
వంటింటి బల్ల దగ్గర్నుంచే సర్వర్‌లోకి దిగాను.

డీఎఫ్‌ని అడిగితే
టెంప్ నూటికి నూరు, అంది.
ఎవరెంత తిన్నారో తేల్చమని
డీయూని పంపాను.
అది గది గదీ తిరిగొచ్చి
నలభై మెగాబైట్లంతే, అంది చేతులు దులుపుకుని.

ఒకరు ఇల్లు నిండిందంటారు,
ఒకరు ఇంట్లో ఎవరూ లేరంటారు.
ఇద్దరికీ అబద్ధమాడడం రాదు.

టెంప్ అంటే సత్రం.
పూట గడిపి పోయేవాళ్ళకి కట్టింది.
గోడకి మేకు కొట్టడం కూడా ఉండదక్కడ.
అలాంటి చోట
కంటపడకుండా కాపురం పెట్టిందెవరు?

ఐనోడ్లు లెక్కపెట్టాను, బోలెడున్నాయి.
పేరు ముందు చుక్క పెట్టుకుని దాక్కునేవాళ్ళనీ వెతికాను.
ఈలోగా కాఫీ పొంగి పొయ్యి మీద పడింది.

మళ్ళీ ఫోను.
"లారీల వాళ్ళు ఇంజన్లు ఆపడం లేదు,
ఆపితే ఈ చలికి మళ్ళీ పట్టవట.
ఆ మిషనేదో ఆపేసి మళ్ళీ పెట్టు, అమ్మాయ్."

నాకు యాభై ఆరు. ఆయనకింకా అమ్మాయినే.

ఆపొచ్చు, ఒక్క మీట.
కానీ నాలుగు పడవల తూకాలూ
కాగితం మీదికి ఎక్కలేదింకా,
ఆ ప్రోగ్రాం నోట్లోనే ఉన్నాయి.
దాన్ని చంపితే
రాత్రంతా లాగిన వలల లెక్క
తిరిగి సముద్రంలోకే.

చివరికి ఎల్‌ఎస్‌ఓఎఫ్‌ని పిలిచాను:
ఎవరి చేతిలో ఏముందో చెప్పు.
వరసలు వరసలుగా చెప్పుకొచ్చింది.
ఒక వరస చివర, సిగ్గుపడుతున్నట్టు,
'చెరిపేసినది' అని.

ఫైలు పేరు చదవగానే నా చెవులు వేడెక్కాయి.
సెప్టెంబర్‌లో, ఈ చిట్టా మరీ బలుస్తోందని
చెరిపింది నేనే.
ఎంటర్ నొక్కి, దీపమార్పి, పడుకున్నాను.

నేను చెరిపింది పేరు.
రాసే చెయ్యి రాస్తూనే ఉంది.
తలుపు మీది పలక పీకేసి
ఇల్లు ఖాళీ చేయించాననుకున్నాను.

ఇంతకీ ఏం రాస్తోంది ఇన్నాళ్ళూ?
తోక పట్టుకుని చూశాను.

మూడో నంబర్ తూకం పలకడం లేదు. మళ్ళీ అడుగుతున్నాను.
మూడో నంబర్ తూకం పలకడం లేదు. మళ్ళీ అడుగుతున్నాను.

సెకనుకి ఇరవై సార్లు.
పదిహేను కోట్ల వరసలు.
విసుగు లేదు, అలక లేదు,
గొంతు పెంచింది లేదు.

చంపలేదు దాన్ని.
ప్రాక్ దారిన లోపలికి వెళ్ళి
అది పట్టుకున్నది పట్టుకుని ఉండగానే
సున్నా చేశాను.
పిడికిలి బిగించే ఉంది,
ఇసుక మాత్రం జారిపోయింది.

నూరు కాస్తా ఒకటయింది.
రేవులో ప్రింటర్ గొంతు సవరించుకోవడం
ఫోన్లో వినిపించింది.

"రాగ్న్‌వాల్డ్, ఆ మూడో తూకం వెనక
ప్లగ్గు ఉందేమో చూడు."
బూట్ల చప్పుడు. ఏదో ఇనప డబ్బా పక్కకి జరిగింది.
ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు.

"ప్లగ్గుంది," అన్నాడు. "తూకానిది కాదు,
వాఫిల్ పెనానిది. టూర్‌బోర్గ్ రిటైరైన రోజు పెట్టాం కదా.
నువ్వూ రెండు తిన్నావు."

తిన్నాను. క్లౌడ్‌బెర్రీ జామ్‌తో.
మూడోది కూడా అడిగాను.

"పెనం తీసి తూకానిది పెట్టనా?"
"పెట్టు."

మళ్ళీ తోక పట్టుకున్నాను.
ఇందాకటి మాటే ఒకట్రెండు సార్లు,
ఆపైన కొత్త వరస:

మూడో నంబర్ తూకం పలికింది. సున్నా కిలోలు.