పట్టడం

కేజీహెచ్ డౌన్‌లో రాత్రంతా తెరిచుండే మందుల షాపు మాది.
ఒంటిగంట దాటాక వచ్చే చీటీల్లో
డాక్టరు గీతల మధ్య ఒక మాట తరచూ దొర్లుతుంది:
ఇన్సోమ్నియా.
ఎక్కడో ఒక దీవి పేరులా ఉంటుంది,
డాల్ఫిన్ నోస్ మీది దీపం చేరనంత దూరంలో.

మా అబ్బాయి డిక్షనరీలో చూశాను. నిద్రలేమి.
లేమి అంటే పేదరికం కదా.
బియ్యం లేనివాళ్ళకి తెల్లకార్డు ఉంది,
వీళ్ళు ఏ డిపో ముందు నిలబడాలి?

"ఇరవై ఏడేళ్ళు సి షిఫ్టు చేశానండీ,"
అంటారు స్టీల్‌ప్లాంటు పైడిరాజు గారు, చిల్లర లెక్కపెడుతూ.
"జీతం ఇచ్చినన్నాళ్ళూ ఇది డ్యూటీ.
మానేశాక జబ్బయింది."

జాలారిపేట నుంచి ధనమ్మ మాత్రం
చీటీ లేకుండా వచ్చింది.
"మా ఆయనకి నిద్దరట్టట్లేదు బాబూ.
పదిహేను రోజులు యేట. బోటు మీద సుబ్బరంగా తొంగున్నాడంట.
ఇంటికొస్తే మంచం ఊగదంటాడు.
ఊగని మంచానికి బిళ్ళేటైనా ఉందేటి?"

లేదన్నాను.
వలలో వేసి ఊపమ్మా, అని కూడా అన్నాను, విసుగ్గా.
ఆమె నవ్వకుండా తలూపి వెళ్ళిపోయింది.
తెల్లారేదాకా ఆ మాట నాకే చేదుగా తగిలింది.

నాలుగు రోజులకి మళ్ళీ వచ్చింది, కళ్ళు ఎర్రగా.
దూలానికి చిరిగిన వల కట్టిందట.
"పట్టింది బాబూ," అంది,
వంజరం పడిందని చెప్పినట్టు.
"గానీ ఊపాపితే లేచిపోతన్నాడు.
రాత్రల్లా నేనే కూకుంటన్నాను.
దీన్నేటంటారు మీ సీటీల్లో?"

పోర్టు వైపు ఏదో ఓడ కూత పెట్టింది.
డిక్షనరీ గుర్తు రాలేదు నాకు.
చిన్నప్పుడు నాకు ఆటలమ్మ పోస్తే
మా అమ్మ పక్కింటావిడతో అన్న మాట గుర్తొచ్చింది:
"మూడు రాత్రులు నిద్ర కాశాను."
చేను కాసినట్టు, మేకల్ని కాసినట్టు.
తన నిద్రని కాదు. నాది.

ఆ మాటే చెప్పాను ధనమ్మకి.
"అదా," అంది. "అదీ ఒక జబ్బేటి?"

భుజానికి రాసుకునే మందు ఒకటి కొనుక్కుంది.
బిల్లులో డాక్టరు పేరుండే గడి
ఖాళీగా వదిలేశాను.