మార్జిన్‌లో మనిషి

ట్రిప్లికేన్ పైక్రాఫ్ట్స్ రోడ్డు ప్లాట్‌ఫాం మీద
కదిరేశన్‌కి తెలుగు రాదు.
పుస్తకాలు తలకిందులుగా పేరుస్తాడు.
వెళ్ళినప్పుడల్లా ముందు వాటిని సరిచేస్తాను,
బోర్లాపడ్డ పసిపిల్లల్ని వెల్లకిలా తిప్పినట్టు.
"అక్కా, మీ జిలేబీలొచ్చాయి" అంటాడు అరవంలో, నవ్వుతూ.
కిలో అరవై.
తూకంలో నవలకీ వంటల పుస్తకానికీ
పాత పంచాంగానికీ తేడా లేదు.
అట్ట మందంగా ఉంటే మాత్రం నాకే నష్టం.

ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్లో నా ఉద్యోగం.
గాజుకిటికీ కంతలోంచి చేతులే కనిపిస్తాయి.
నోట్లు రెండుసార్లు లెక్కపెట్టే చెయ్యి,
గాజులు ఎక్కడో వదిలేసి వచ్చిన చెయ్యి,
మణికట్టు చుట్టూ తెల్లటి గీత.
ఆ కథల చివరి పేజీలు నా దాకా రావు.
అందుకేనేమో
ఆఖరి కాగితాలు చిరిగిన నవల మీద
నాకు కోపం రాదు.

పోయిన ఆడి మాసంలో, తగ్గింపు చీరలకి
ఊరంతా టీనగర్ మీద పడ్డ ఆదివారం,
ఒక గోనెసంచీ పుస్తకాలు కొన్నాను.
అన్నీ ఒకే ఇంటివి.
అన్నింటికీ గోధుమరంగు కాగితం అట్ట,
అన్నింట్లో ఒకే పెన్సిలు.
వానలో తడుస్తూ నాయకుడు
"నిన్నెప్పుడో మరిచిపోయాను" అన్న చోట
మార్జిన్‌లో "అబద్ధం."
అత్తగారు పోతూ పోతూ క్షమించిన చోట
"ఇంత త్వరగానా?"
వంకాయ కూర వర్ణన పక్కన
"ఉప్పు మరిచాడు."
పేరు లేదు.
తలకట్లు మాత్రం కొంచెం కుడికి వాలి ఉంటాయి,
గాలికి ఎదురు నడిచే మనిషిలా.
ఉప్పు సంగతి చూసి ఆవిడ అనుకున్నాను.
(తర్వాత సిగ్గేసింది. మా ఇంట్లో వంట నాన్నదే.)
అయినా ఆవిడగానే ఉండిపోయింది.

అప్పట్నుంచి పెరంబూరులో మా వీధి చివర
నీళ్ళ లారీ కోసం
ఆకుపచ్చ బిందె, నారింజ బిందె, పిడి విరిగిన బకెట్
వరసలో పెట్టి
ఆవిడతో కలిసి చదువుతున్నాను.
ఆవిడ ఆగిన చోట ఆగుతాను.
పక్కింటి పూంగొడి తన బిందెతో పాటు
నా బిందెనీ కాలితో ముందుకి జరుపుతూ
"వాళ్ళకి పెళ్ళైందా?" అని అడుగుతుంది.
కాలేదంటే తనే దిగులుపడుతుంది.
ఒక్క అక్షరం చదవకుండా
ఇంతకంటే మంచి పాఠకురాలు ఎక్కడ దొరుకుతుంది?

పుస్తకాలు మనిషిని మారుస్తాయంటారు.
ఏమో.
ఇరవై ఏళ్ళుగా చదువుతున్నా
ఆటోవాడితో పది రూపాయల దగ్గర అదే గొంతు.
చెల్లెలి ఫోను ఎత్తని అదే మొండితనం.
నవలలో అయితే మూడో అధ్యాయానికే మాట్లాడుకునేవాళ్ళం.
పేజీ తిప్పేది వేలే, ఫోను నొక్కేదీ వేలే.
అయినా ఎందుకో
రెండూ ఒకటి కావు.

నిన్న సంచీ అడుగున ఆఖరి పుస్తకం.
నూట నలభై ఏడో పేజీలో ఒక వాక్యం కింద గీత మొదలై
సగంలో ఆగింది.
పాలు పొంగాయో, ఎవరైనా తలుపు కొట్టారో,
కరెంటు పోయిందో.
అంతకు మించి ఆలోచించను.
బిల్లింగ్ కౌంటర్లో కూర్చునే మనిషికి
అంతకు మించి ఆలోచించడం బాగా వచ్చు.
ఆ తర్వాత అన్నీ ఖాళీ మార్జిన్లే.
అచ్చు ఉంది. తోడు లేదు.

ఆ గీతని నేను పూర్తిచెయ్యలేదు.
రెండు పేజీలు దాటాక,
రైల్వే స్టేషన్లో అక్క తన చెల్లెల్ని చూసి కూడా
చూడనట్టు నడిచిపోయిన చోట
పెన్సిలు తీసి రాశాను:
"నిజం."
నా తలకట్లు ఎడమకి వాలతాయి.

ఇంతలో లారీ హారన్. పూంగొడి కేక.
పుస్తకం నడుముకి దోపుకుని బిందె ఎత్తాను.
మూడో అంతస్తు మెట్ల మీద నీళ్ళు తొణికి
పేజీలు తడిశాయి.
పెన్సిలు కదా,
చెరగలేదు.