మొగ్గు

రాత్రి పదింటికే పెట్టెకు కరెంటు ఇచ్చిన.
వేడెక్కాలె. వేడెక్కినంక నిలబడాలె.
జుమ్మెరాత్ బజార్ల పాతసామాన్ల దుకాణపాయన
కిలోల లెక్కన అమ్మిన రుబీడియం గడియారం అది,
కూలగొట్టిన సెల్ టవర్ కడుపుల నుంచి తీసింది.
మూడువేలేండ్లకు ఒక్క సెకను తప్పుతదట.
ముప్పావు కిలో తూగింది.
"ముల్లు ఆగకముందే ధర చెప్పిండు గదనే" అన్నడు బాపు.

బాపు ఎనుమాముల యార్డుల దడ్వాయి.
ముప్పైరెండేండ్లు మిర్ప బస్తాల నడుమ నిలబడి
అంకె మాత్రమే నోట్లె నుంచి వదిలిన మనిషి.
మిగిలినదంతా దగ్గు.
ఇప్పటికీ అంగి విప్పి దులిపితే
నాకు తుమ్మొస్తది.

చిన్నప్పుడు సైకిల్ ముందల కూసోబెట్టుకొని తీస్కపోయేటోడు.
కాంట మీద బస్తా ఎక్కంగనే
కొనేటోడి కాలు ఒకటి పళ్ళెం అంచుకు తగిలేది.
"జర మొగ్గియ్యి రాజమొగిలీ" అనేటోడు.
అమ్మేటోడు ములుగు అవతలి నుంచి రాత్రంత ట్రాక్టర్ల వచ్చి
కండ్లు మూతలు పడుతుంటే
ఆ కాలును చూసేటోడు కాదు.
బాపు చూసేటోడు.
చూసి, ముల్లు దిక్కు మొఖం తిప్పుకొని,
ఊపిరి బిగబట్టేటోడు.
ఒక్కోసారి "కాలు తీయి సేటూ" అన్నడు.
ఒక్కోసారి అనలేదు.
అనని రోజులు ఎన్నో నేనడగలె.

మాఘమాసం, పొద్దుగాల ఆరున్నర.
నీలగిరుల మీద ఎవరో పెద్దాయన
అయిదు నిమిషాలు ఒక్కటే స్వరం పంపుతడు.
మాట లేదు, పాట లేదు, చుక్కా గీతా లేదు.
దాన్ని పట్టి, అది సెకనుకు ఎన్నిసార్లు ఊగుతదో చెప్పాలె.
అంతే పందెం. గెలిస్తే ఇచ్చేదేం లేదు.

కాజీపేట పట్టాల పక్కన మా ఇల్లు.
సరిగ్గ రెండో నిమిషంల
రామగుండం దిక్కు నుంచి బొగ్గుబండి వచ్చింది.
తెరంత జొన్నలు చల్లినట్టు చప్పుడు.
బల్ల మీద చాయ్ గిలాస గజ్జెలోలె మోగింది.
యాభైతొమ్మిది వ్యాగన్లు. లెక్కపెట్టిన, ఏం జేయాలె మరి.
చివరి డబ్బా పోయినంక
జొన్నల కింద నుంచి సన్నని గీత లేచింది,
దారం పోగసొంటిది,
కొంచెం పైకి వంగి.

డెబ్బై లక్షల యాభై అయిదు వేల
నాలుగువందల పన్నెండు,
దాని మీద పాయింటు మూడు ఏడు.
రాసి పంపిన.

సాయంత్రం పెద్దాయన అసలు అంకె చదివిండు.
అన్నీ అవే. చివర్న మాత్రం మూడు ఒకటి.
ఆరు ఎక్కువొచ్చింది నాకు, నూట్ల ఆరు.

పెట్టె తప్పు కాదు. మూడుసార్లు చూసిన.
పొద్దు పొడిచేటప్పుడు పైన గాలి పొర కిందికి దిగుతది,
ఆ స్వరం దాని మీద పడి తిరిగి మనదాక రావాలె గదా,
దారి రవ్వంత పొట్టిదైతది,
ఊపు రవ్వంత పెరుగుతది.
అంటే ఆకాశమే
కాలు పెట్టింది పళ్ళెం మీద.

బాపుకు చెప్పిన.
"ఆరంటే ఎంత? బస్తాల లెక్క చెప్పు."
కాగితం మీద వేసిన. నలభై కిలోల బస్తా.
పదిహేను బస్తాలు తూస్తే
ఒక మిర్పగింజ తేడా, బాపూ.
బస్తా కాదు, కాయ కాదు, లోపటి గింజ.

నవ్వుతడనుకున్న.
దగ్గిండు, శానసేపు.
నీళ్ళు తాగి గిలాస కింద పెట్టి
"గింజైతే ఏందే,
అది గూడ ఎవలో ఏరిందే గదా" అన్నడు.

లాగుబుక్కుల తేడా కోలంల
నూట్ల ఆరు, ఎక్కువ అని రాసిన.
కారణం కోలంల ఏం రాయాల్నో తోచక
పెన్ను పట్టుకొని కూసున్న.
బాపు పక్కకొచ్చి నిలబడి
గడియారం మీద అరచెయ్యి పెట్టిండు.
"వెచ్చగున్నదే" అన్నడు.
బంజేయమనలె.