ఎడమ చిటికెన వేలు

అవెన్యూ రోడ్డు వెనక సందులో
పెండ్లిపత్రికలు టైపు చేసి చేసి
నా ఎడమ చిటికెన వేలు కొంచెం వంగింది.
షిఫ్ట్ మీద దాని కాపరం.
ఇరవైరెండేళ్లు.

అది నొక్కితేనే ల కాస్తా ళ అవుతుంది,
న కాస్తా ణ అవుతుంది.
ఏమరుపాటున వదిలితే
పెళ్ళి పెల్లి అయిపోతుంది, కల్యాణం కల్యానమై
నోట్లో ముద్ద పెట్టుకుని పిలిచినట్టుంటుంది.
ఒకసారి వీరణ్ణను వీరన్న చేశానని
ఐదొందల కార్డుల డబ్బు నా జీతంలోంచి పోయింది.
ఆ కీ మీద బాణం గుర్తు ఎప్పుడో అరిగింది.
వేలికి మాత్రం దారి తెలుసు.

మా మునిలక్ష్మికి షిఫ్టంటే రాత్రి.
బొమ్మసంద్రలో మాత్రల కంపెనీ,
పది మాత్రలకొక వెండిరేకు.
నేనొచ్చేసరికి ఆమె జడ వేసుకుంటూ ఉంటుంది,
ఆమె వచ్చేసరికి నేను పళ్లు తోముకుంటూ ఉంటాను.
"తిన్యావా?" అంటాను, నురగతోనే.
మా సంసారంలో సగం మాటలు
ఆ నురగలోంచే వచ్చాయి.

కన్నడంలో ఆ రాత్రిని పాళి అంటారు.
మనకేమో పాళీ అంటే కలం ముక్కు.
మా ఓనరు తాత వాడినవి ఇంకా ఒక డబ్బాలో ఉన్నాయి,
ఊపితే చిల్లరలాగ మోగుతాయి.
మాట కూడా గుమ్మం దాటగానే
దొరికిన పనిలో చేరిపోతుంది.

ఇల్లు మారడమూ షిఫ్టే ఈ ఊర్లో.
తొమ్మిదిసార్లు.
ప్రతిసారీ టెంపోలో చివరికెక్కేది రుబ్బురోలు,
ముందు దిగేదీ అదే.
మిక్సీ వచ్చినాక దాన్నెవరూ తిప్పలేదు.
వదిలేద్దామంటే మునిలక్ష్మి ఒప్పుకోదు,
"అంత బరువన్నా ఉంటేనే
ఇల్లు ఎగిరిపోకుండా ఉంటాది" అంటుంది.

పోయిన శ్రావణంలో
మా చిన్నాయన గంగులప్పకు గుండె పట్టేసింది.
మూడో రోజు పొద్దున పోతే
ఐసీయూలో ఆయన మంచం ఖాళీ.
కొత్త దుప్పటి, మడత నలగకుండా.
నేల తుడుస్తున్న పిల్లోడు తలెత్తకుండానే
"షిఫ్ట్ మాడిదారె" అన్నాడు.
ఎక్కడికి అని అడగడానికి
నోట్లో తడి లేదు.
మెట్లు ఎక్కాలా, దిగాలా?
ఎవరూ పేరు పెట్టి పిలవని గది
ఏ ఆస్పత్రిలోనైనా కిందనే ఉంటుంది గదా.
చివరికి నాలుగో అంతస్తులో దొరికాడు,
ఇడ్లీలో ఉప్పు లేదని
నర్సుతో తెలుగులో పోట్లాడుతూ.
ఆ పిల్ల మలయాళంలో జవాబు చెబుతోంది.
ఇద్దరూ ఒకరినొకరు బాగానే ఓడించుకుంటున్నారు.

మా చైత్రకు తెలుగు మాటలొచ్చు, అక్షరాలు రావు.
నేను టైపు చేసింది దానికి ముగ్గులాగ ఉంటుందట.
డిగ్రీ పుస్తకం ముందేసుకుని
అది నాకు పాఠం చెప్పింది:
మన నుంచి దూరమయ్యే చుక్క వెలుగు
ఎరుపువైపు జరుగుతుంది నాయనా,
దాన్నీ షిఫ్టే అంటారు.
"మరి దగ్గరికొచ్చేదో?"
"నీలంవైపు."
"జరక్కుండా ఉండేదో?"
"అది పరీక్షలో రాదు" అంది, పెన్ను కొరుకుతూ.

నిన్న ఓనరు పిలిచాడు.
అంగడి కెంగేరి అవతలికి షిఫ్టంట.
పత్రికలన్నీ ఫోన్లలో పోతున్నాయి,
ఇక్కడ అద్దె గిట్టదంట.
వస్తావో రావో నెలలోగా చెప్పమన్నాడు.
నా చిటికెన వేలు
బల్ల మీద ఊరికే ఒక్కసారి నొక్కుకుంది.

రాత్రి తొమ్మిదింబావుకు మలుపులో కంపెనీ బస్సు.
మునిలక్ష్మి ఎక్కి, కిటికీలోంచి
డబ్బా మూత మరిచానని సైగ చేసింది.
చెప్పాల్సిన మాట నా దగ్గరే మిగిలింది.
బస్సు కదిలింది.
వెనక రెండు దీపాలు
ఎర్రగా,
ఇంకా ఎర్రగా,
సిగ్నలు దగ్గర కాసేపు ఆగి
మళ్లీ.

పొద్దున ఆరున్నరకు అదే బస్సు ఇటే వస్తుంది.
నీలంగా ఉంటుందేమో చూడాలి.
రేపు పళ్లు తోముకోకుండా
మలుపులోనే నిలబడతాను,
నోరు ఖాళీగా పెట్టుకుని.