ఎడమ భుజం మీద రెండు తట్లు

కరకోల్ నుంచి తెచ్చిన పాత జీపు
కొయ్యవంతెన దగ్గర మమ్మల్ని దింపి, పొగ వదిలి వెళ్ళిపోయింది.
నాలుగు సంచులు, నలుగురం.
అన్నిటికంటే బరువైనది తిలెక్ ఎత్తుకున్నాడు.
రెండో బరువు నాదేనంటే ఒప్పుకోడు.
ఎర్లాన్ సంచిలో సగం బోర్సోకులే.
మొదటి మలుపుకే సంచి తేలికైంది,
వాడి మూతి నూనెతో మెరిసింది.

స్ప్రూస్ చెట్ల కింద దారి చీకటిగా ఎక్కుతుంది.
ఇరవై ఏళ్ళుగా ఈ వంపులో ఆగడం నాకు అలవాటు.
పై కొమ్మల్లో చిట్టిరాజు ఉంటుంది,
రష్యన్ బళ్ళో మాకు నేర్పిన పేరు అది.
నెత్తిన పసుపు గీత,
ఈకలూ గోళ్ళూ అన్నీ కలిపి
చెంచాడు పంచదారంత బరువు.
దాని కూత సూదిమొన.
వినబడితే గుచ్చుకుంటుంది,
వినబడకపోతే అడవి మామూలుగానే ఉంటుంది.

ఆగాను.
అడవి మామూలుగానే ఉంది.

"అదిగో అమ్మా" అంది బెగిమాయ్.
"ఎక్కడ?"
"అరుస్తూనే ఉందిగా!"
తిలెక్ తలెత్తాడు. నములుతూనే ఎర్లాన్ కూడా.
ముగ్గురూ వింటున్న చోట
నేనొక్కదాన్నీ ఆకులు చూస్తూ నిలబడ్డాను.

నిరుడు చలికాలం డాక్టరు కాగితం మీద ఒక గీత చూపించాడు.
కుడివైపు పోయేకొద్దీ అది కొండ దిగిపోయింది.
"మాటలకేం ఢోకా లేదు, పోయేది పై స్వరాలే" అన్నాడు,
అక్కడ ఎవరు కాపురముంటారో తెలియని మనిషి.
ఇంట్లో చెప్పలేదు.
కెటిల్ ఈల వేస్తే ఎర్లాన్‌నే కసిరేదాన్ని:
"చెవుడా నీకు? పొయ్యి కట్టు!"

రెండో రోజు అడవి అయిపోయి పచ్చిక మొదలైంది.
మోకాలెత్తు గడ్డిలో గుర్రాలు మెడలు దాచుకుని మేస్తున్నాయి.
తెల్లటి యుర్తా ముందు ఊల్కన్ అవ్వ
గిన్నె నిండా కుమిస్ పోసింది, పుల్లగా, పొగ వాసనతో.
మా నోట్‌బుక్కు తిరగేసి చూసింది.
"గొర్రెల లెక్క తప్పితే నాకు నిద్ర పట్టదు,
పిట్టల లెక్క తప్పితే మీకేం పోతుంది?"
తిలెక్ నవ్వాడు.
నాకు గొంతులో కుమిస్ అడ్డం పడింది.

ఆ రాత్రి గుడారంలో బెగిమాయ్ నా వైపు తిరిగి పడుకుంది.
ఏదో అంది, గుసగుసగా.
ఏమన్నావని అడగలేదు నేను.
అడిగితే సరిపోయేదేమో.

పై సరస్సు దగ్గర గాలి తప్ప ఏమీ లేదు.
నీళ్ళు, సీసా అడుగున గట్టిపడ్డ సిరా రంగు.
మంచుకరుగు పక్క రాళ్ళలో
ఒక రాయి నడిచింది. వంకర ముక్కు, ఎర్రగా.
బూడిదరంగు ఒళ్ళు రాళ్ళలోంచి వచ్చి రాళ్ళలోకే పోయింది.
పదిహేనేళ్ళు వెతికిన పిట్ట!
తిలెక్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని
మళ్ళీ పెట్టుకునేసరికి లేదు.
పాపం, ఇప్పటికీ మమ్మల్ని నమ్మడు.

దిగేటప్పుడు మళ్ళీ అదే వంపు.
ఆగకుండా పోదామనుకున్నాను.
ఎడమ భుజం మీద రెండు తట్లు తగిలాయి.
వెనక్కి తిరగబోతే, వద్దని
నా గడ్డం పట్టుకుని పైకెత్తింది, అంగుళం ఎడమకి.
దుర్బిణిలో కొమ్మ, కొమ్మ చివర కాయ,
కాయ పక్కన పసుపు గీత.
ముక్కు తెరుచుకుంది. గొంతు కింద ఈకలు వణికాయి.
మూసుకుంది. మళ్ళీ తెరుచుకుంది.
బెగిమాయ్ వేలు నా భుజం మీద
దానితోపాటే వణుకుతోంది,
ఒక్కో కూతకీ ఒక్కో తట్టు.
ఎప్పుడు కనిపెట్టావని నేను అడగలేదు,
అది చెప్పనూ లేదు.

సాయంత్రం జాబితా రాసుకుంటుంటే ఎర్లాన్ పేచీ పెట్టాడు.
బండ మీద కూర్చుని ఈల వేసిన మార్మోట్‌ని
రాయాల్సిందేనట. "ఈల వేసింది కదా!"
అది పిట్ట కాదురా అని తిలెక్ కొట్టేయబోయాడు.
నేను పెన్సిల్ లాక్కున్నాను.
ఆ ఈల
నేనూ విన్నాను.